‘ది లాస్ట్ లెసన్’ పాఠంలోని అల్సాస్ పిల్లల ఇంటి భాష ఏది?

ప్రశ్న: గౌతమీతీరం

నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో ఒక సీబీఎస్‌ఈ పాఠశాలలో పన్నెండో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. ‘ఫ్లెమింగో’ వాచకంలో మొదటి పాఠం అల్ఫోన్స్ దోదె రాసిన ‘ది లాస్ట్ లెసన్’ అని ఇక్కడున్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1870–71 యుద్ధంలో జర్మన్ రాజ్యమైన ప్రష్యా చేతిలో ఫ్రాన్స్ ఓడిపోయిన తరువాత, ఫ్రాన్స్ తూర్పు సరిహద్దులోని అల్సాస్, లొరేన్ ప్రాంతాల బడుల్లో ఇకమీదట జర్మన్ మాత్రమే చెప్పాలని బెర్లిన్ నుంచి ఉత్తర్వు వస్తుంది. నలభై ఏళ్లు ఆ ఊరి బడిలో పనిచేసిన హామెల్ మాస్టారు తన చివరి ఫ్రెంచి పాఠం చెప్పి సెలవు తీసుకుంటారు. చదువంటే బద్ధకించే ఫ్రాంజ్ అనే కుర్రవాడి నోట కథ నడుస్తుంది. మన దగ్గర ఈ పాఠాన్ని మాతృభాషాభిమానానికి ఉదాహరణగా చెబుతాం. పరీక్షల్లో ప్రశ్నలూ ఆ దారిలోనే వస్తాయి.

ఈ మధ్య తరగతిలో ఒక అమ్మాయి లేచి, “కుర్రవాడి పేరు ఫ్రాంజ్, వెనక బెంచీ మీద కూర్చున్న ముసలాయన హౌజర్, కమ్మరి వాక్టర్. ఇవన్నీ జర్మన్ పేర్లలాగే ఉన్నాయి కదండీ, మరి వీళ్ల మాతృభాష ఫ్రెంచి ఎలా అవుతుంది?” అని అడిగింది. రెండు మాటల్లో సమాధానం చెప్పి పాఠం ముందుకు నడిపించవచ్చు గాని, ఇంత మంచి ప్రశ్నకు అది న్యాయం కాదనిపించింది. ఆనాటి అల్సాస్ గ్రామాల్లో ఇళ్లలో ఏ భాష మాట్లాడేవారు? ఇప్పుడు ఏది మాట్లాడుతున్నారు? ఆ ప్రజలు తమను తాము ఫ్రెంచివారిగా భావించుకుంటారా, జర్మన్లుగానా? తెలిసినవారు వివరంగా రాస్తే తరగతిలో చదివి వినిపిస్తాను.

సమాధానం: రైన్‌ఒడ్డు

గౌతమీతీరం గారూ, మీ విద్యార్థిని పట్టుకోవలసిన చోటే పట్టుకుంది. నేను చాలా ఏళ్లుగా స్ట్రాస్‌బర్గ్ పక్కన ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాను. మా వీధిలో పెద్దవాళ్లు తమలో తాము మాట్లాడుకునే భాష ఈ రోజుకీ ఫ్రెంచి కాదు. దాన్ని ఇక్కడివాళ్లు ఎల్సాసిష్ అంటారు. స్విట్జర్లాండులోని జర్మన్‌కూ, రైన్ నది అవతల జర్మనీలోని బాడెన్ పల్లెల మాటకూ దగ్గరి చుట్టమైన అలెమానిక్ మాండలికాలు ఇవి. ఉత్తరపు కొసన మాత్రం ఫ్రాంకోనియన్ మాండలికం వినిపిస్తుంది. పడమట వోజ్ కొండలు, తూర్పున రైన్ నది, ఆ రెండింటి నడుమ ఉత్తర దక్షిణాలుగా సాగిన సన్నని మైదానం అల్సాస్. అయిదో శతాబ్దంలో అలెమాన్ తెగలు వచ్చి స్థిరపడినప్పటి నుంచి ఈ మైదానంలో ఇంటి భాష జర్మానిక్ కుటుంబానిదే. కొండల్లో కొన్ని లోయల్లో మాత్రం తరతరాలుగా ఫ్రెంచి కుటుంబానికి చెందిన మాండలికాలు ఉండేవి.

రాజ్యం సంగతి వేరు. 1648 వెస్ట్‌ఫాలియా సంధితో ఈ ప్రాంతంలో చాలా భాగం ఫ్రెంచి రాజు చేతికి రావడం మొదలైంది; 1681లో పద్నాలుగో లూయీ స్ట్రాస్‌బర్గ్‌ను ఆక్రమించుకున్నాడు; మ్యులూజ్ నగరం 1798 దాకా స్విస్ పొత్తులో ఉండి ఆ తరువాతే ఫ్రాన్స్‌లో కలిసింది. అంతకు ముందు స్ట్రాస్‌బర్గ్ జర్మన్ సంస్కృతికి పెద్ద కేంద్రాల్లో ఒకటి. లోకంలో తొలి వార్తాపత్రికగా చాలామంది లెక్కించే పత్రికను 1605లో యోహాన్ కరోలుస్ ఇక్కడే అచ్చువేశాడు, జర్మన్‌లో. ఫ్రెంచి పాలన వచ్చి వందేళ్లకు దగ్గరపడుతున్నా, 1770లో జర్మన్ కవి గోథే యువకుడిగా న్యాయశాస్త్రం చదవడానికి ఈ నగరానికే వచ్చాడు. రాజులు పన్నులూ విధేయతా అడిగారు గాని, రైతు తన పశువులను ఏ భాషలో అదిలిస్తున్నాడో పట్టించుకోలేదు. ఆ పట్టింపు ఫ్రెంచి విప్లవంతో మొదలై, పందొమ్మిదో శతాబ్దపు బడులతో బలపడింది.

అందుకే కథను మరోసారి దగ్గరగా చదవమని మీ తరగతికి చెప్పండి. సాక్ష్యం కథలోనే ఉంది. ఫ్రెంచివాళ్లమని చెప్పుకుంటూ సొంత భాషను మాట్లాడలేరు, రాయలేరు అని జర్మన్లు రేపు మనల్ని ఎత్తిపొడుస్తారని హామెల్ మాస్టారే బాధపడతారు. ఫ్రాంజ్‌కు క్రియారూపాల సూత్రం ఒక్కటీ నోటికి రాదు. ముసలి హౌజర్ అక్షరాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పిల్లలతో కలిసి గొంతు వణుకుతుండగా గుణింతం పలుకుతాడు. దోదె దీన్ని ఆ ఊరివాళ్ల నిర్లక్ష్యానికి గుర్తుగా రాశాడు. కాని అల్సాస్ చరిత్ర తెలిసినవాళ్లకు అక్కడ ఇంకొకటి కనిపిస్తుంది: ఆ ఊరికి ఫ్రెంచి బడి భాష, కచేరీ భాష, ఇంటికి వచ్చాక దానితో పని లేదు. నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఫ్రాంజ్‌ను కేకవేసిన ఆ కమ్మరి నిజంగా బతికి ఉంటే ఎల్సాసిష్‌లోనే కేకవేసేవాడు. దోదె పుట్టింది ఇక్కడికి చాలా దూరంగా, దక్షిణ ఫ్రాన్స్‌లోని నీమ్ నగరంలో. 1873లో ఈ కథ పుస్తకంగా వచ్చేనాటికి ఓటమి గాయం పచ్చిగా ఉంది. ఆ గాయంతో రాసిన కథలో ఎల్సాసిష్ ఒక్క మాటైనా వినబడదు.

జర్మన్ పాలన తెచ్చిపెట్టిన భాష కూడా ఎల్సాసిష్ కాదని గుర్తుంచుకోవాలి. అది పుస్తకాల జర్మన్. ఇంటి మాటకు దగ్గరిది, చర్చిలో బైబిలు ద్వారా చెవికి అలవాటైనది, అయినా ఇంటి మాట కాదు. ఫ్రెంచి మాట్లాడే కొండ లోయల ఊళ్లలో బడులు ఫ్రెంచిలో కొనసాగడానికి కొత్త ప్రభుత్వం మినహాయింపులు కూడా ఇచ్చింది. కాబట్టి ఉత్తర్వు అన్నిచోట్లా ఒకే తీరుగా నడవలేదు.

సమాధానం: చరిత్రపుటలు

రైన్‌ఒడ్డు గారు రాసిన వివరాలతో నాకు పేచీ లేదు. అయితే ఈ సమాధానం చదివిన పిల్లలు “అయితే వాళ్లు జర్మన్లే కదా, బెర్లిన్ చేసింది సబబే కదా” అన్న చోటుకు వెళ్లే ప్రమాదం ఉంది. అప్పట్లో జర్మన్ జాతీయవాదుల వాదన అచ్చంగా అదే. చరిత్రకారుడు మోమ్‌సెన్ ఆ పక్షాన కలం పట్టాడు. స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఫ్యుస్తెల్ ద కులాంజ్ 1870లోనే దానికి సమాధానం రాశాడు: జాతిని నిర్ణయించేది రక్తమూ భాషా కావు, కలిసి బతకాలన్న ప్రజల కోరిక. ఇష్టం ఏమిటని వాళ్లను అడిగారా లేదా అన్నది ఆయన ప్రశ్న. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో తేల్చవలసిన విషయం అదే.

అడగలేదు. 1871 ఫిబ్రవరిలో బోర్డోలో సమావేశమైన ఫ్రెంచి జాతీయ సభలో అల్సాస్, లొరేన్ ప్రతినిధులు తమను అప్పగించవద్దని ప్రకటన చదివారు. ఒప్పందం ఖరారైనప్పుడు నిరసన తెలిపి సభ వదిలిపోయారు. 1874లో జర్మన్ పార్లమెంటుకు ఈ ప్రాంతం నుంచి ఎన్నికైన 15 మందీ విలీనాన్ని వ్యతిరేకించినవారే. ప్రజాభిప్రాయం తీసుకోమని వాళ్లు అడిగితే సభ తోసిపుచ్చింది. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోదలచినవాళ్లు 1872 అక్టోబరు 1 లోగా ఊరు విడిచి వెళ్లాలని ఫ్రాంక్‌ఫర్ట్ సంధి గడువు పెట్టగా, లక్షకు పైగా జనం పొలాలూ దుకాణాలూ వదులుకుని వెళ్లిపోయారు. మ్యులూజ్‌లో మిల్లు నడుపుకుంటున్న ఒక యూదు కుటుంబం ఆ విధంగానే ఫ్రాన్స్‌ను ఎంచుకుంది. ఆ ఇంటి కొడుకు ఆల్‌ఫ్రెడ్ డ్రైఫస్ తరువాత ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్ అయ్యి, 1894లో జర్మన్ల గూఢచారి అన్న అబద్ధపు నేరం మీద శిక్ష అనుభవించాడు. ఫ్రాన్స్ కోసం ఊరు వదిలిన కుటుంబానికి ఫ్రాన్స్‌లోనే ఆ గతి పట్టడం తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఫ్రెంచి విప్లవం నాటి నుంచి ఈ ప్రాంతానికి ఫ్రాన్స్‌తో ఏర్పడిన బంధం గట్టిది. నేటి ఫ్రెంచి జాతీయగీతం పుట్టింది స్ట్రాస్‌బర్గ్‌లోనే, 1792 ఏప్రిల్‌లో, ఆ నగర మేయర్ డీట్రిక్ కోరిక మీద. విప్లవ సేనాని క్లేబర్ ఈ ఊరి బిడ్డ. ఆ పేర్లు చూడండి: డీట్రిక్, క్లేబర్. ఇంట్లో జర్మానిక్ మాట, మనసులో ఫ్రెంచి గణతంత్రం; ఆ కాలపు మనిషికి ఈ రెండిటికీ పొత్తు కుదరకపోవడమనే ఆలోచనే లేదు. మీ మూడో ప్రశ్నకు ఆ కాలానికి సంబంధించినంత వరకు సమాధానం ఇది.

అలాగని జర్మన్ పాలనాకాలం మొత్తాన్నీ చీకటిగా చిత్రించడం కూడా తప్పే. 1870 ఆగస్టులో ప్రష్యన్ ఫిరంగులు స్ట్రాస్‌బర్గ్ మీద కురిపించిన గుండ్లకు నగర గ్రంథాలయం కాలిపోయి, పన్నెండో శతాబ్దంలో హెరాడ్ అనే మఠాధిపతి తయారు చేయించిన అపురూపమైన చిత్రాల వ్రాతప్రతి బూడిదైంది. ఆ పాలకులే తరువాత కొత్త విశ్వవిద్యాలయాన్నీ, గొప్ప గ్రంథాలయాన్నీ, విశాలమైన కొత్త పట్టణ భాగాన్నీ కట్టారు. కార్మికులకు ఆరోగ్య బీమా వచ్చింది, 1911లో సొంత శాసనసభ వచ్చింది. యువతరం నెమ్మదిగా సర్దుకుంటున్న దశలో, 1913లో సావెర్న్ పట్టణంలో ఒక యువ సైనికాధికారి స్థానికులను నీచమైన మాటతో కించపరిచాడు. జనం వీధుల్లోకి వచ్చారు, సైన్యం పౌరులను పట్టుకుని నిర్బంధించింది, ఆ అధికారులకు చివరికి శిక్ష లేకుండా పోయింది. తాము రెండో తరగతి పౌరులమని అల్సాస్‌కు అర్థమైంది.

గౌతమీతీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. హామెల్ మాస్టారి బాధ గురించి రైన్‌ఒడ్డు గారు రాసిన భాగాన్ని నిన్న తరగతిలో చదివించాను. పిల్లలు వెంటనే పుస్తకం తెరిచి ఆ వాక్యం వెతికి పట్టుకున్నారు. మాటకూ విధేయతకూ మధ్య ఉన్న తేడా కూడా వాళ్లకు బాగా అర్థమైంది. మన ఆంధ్ర, తెలంగాణల్లో ఉర్దూ, సవర, గోండి ఇళ్లలో పెరిగిన పిల్లల ప్రస్తావన వాళ్లే తెచ్చారు.

ఇప్పుడు రెండు కొత్త ప్రశ్నలు వచ్చాయి. ఫ్రాంజ్ నిజంగా ఉండి ఉంటే పెద్దయ్యాక ఏమై ఉండేవాడు అన్నది ఒకటి. ఫ్రెంచి వాళ్ల ఇంటి భాష కాకపోతే, ఇప్పుడు ఆ ప్రాంతం మొత్తం ఫ్రెంచి ఎలా మాట్లాడుతోంది, ఎవరి ఉత్తర్వు వల్ల, అన్నది రెండోది.

సమాధానం: రైన్‌ఒడ్డు

మొదటి ప్రశ్నతోనే రెండోదానికీ దారి దొరుకుతుంది. 1871లో ఫ్రాంజ్ వయసు పన్నెండు అనుకుందాం. ఆ ఏడు అతడు జర్మన్ పౌరుడు అయ్యాడు. ఇరవై ఏళ్లకు జర్మన్ సైన్యంలో చేరవలసి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధానికి అతని కొడుకులు జర్మన్ యూనిఫారంలోనే వెళ్లారు. 1918లో, యాభై తొమ్మిదేళ్ల వయసులో, మళ్లీ ఫ్రెంచి పౌరుడయ్యాడు. ఎనభై ఒకటో ఏట, 1940లో, హిట్లర్ పాలన కిందికి పోయాడు. ఇంకో అయిదేళ్లు బతికితే తిరిగి ఫ్రాన్స్. ఉన్న ఊరు కదలకుండా నాలుగుసార్లు దేశం మారిన మనుషులు ఇక్కడ నిజంగా ఉన్నారు.

1918లో ఫ్రెంచి సైన్యానికి జనం పూలతో స్వాగతం పలికారు. కొద్ది వారాలకే ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాల గుర్తింపు కార్డులు వచ్చాయి. 1870కి ముందు ఫ్రెంచి పౌరులుగా ఉన్నవాళ్ల సంతతికి మొదటి రకం, తల్లిదండ్రుల్లో ఒకరే అలాంటివారైతే రెండోది, మిత్ర, తటస్థ దేశాల నుంచి వచ్చినవాళ్లకు మూడోది, జర్మన్లకు నాలుగోది. ఒకే ఇంట్లో భర్తకు ఒక అక్షరం, భార్యకు ఇంకొకటి పడింది. చివరి రకం వాళ్లను పెద్ద సంఖ్యలో చేతిసంచులతో రైన్ వంతెన దాటించి పంపేశారు. బడిలో ఫ్రెంచి నేరుగా, ఇంటి మాట ప్రమేయం లేకుండా చెప్పాలన్న పద్ధతి వచ్చింది. జర్మన్‌లో చదువుకున్న గుమాస్తాలూ ఉపాధ్యాయులూ రాత్రికి రాత్రి చదువురానివాళ్లలా అయిపోయారు. హామెల్ మాస్టారి బాధను పాఠంగా చెప్పే మనం, 1919లో ఇదే గదిలోంచి బయటికి నడిచిన జర్మన్ మాస్టారిని కూడా ఊహించుకోవాలి.

1940 జూన్ తరువాత జరిగింది మరో స్థాయి క్రూరత్వం. నాజీ అధికారి రాబర్ట్ వాగ్నర్ ఇక్కడ గవర్నరుగా వచ్చి, ఫ్రెంచి మాట్లాడడమే నేరం చేశాడు. మనుషుల పేర్లు, వీధుల పేర్లు, సమాధుల మీది రాతలు జర్మన్‌లోకి మార్చారు. ఫ్రెంచివాళ్ల బెరే టోపీ పెట్టుకుంటే జరిమానా. యూదులను వెళ్లగొట్టారు. వోజ్ కొండల మీద నాట్జ్‌వైలర్-స్ట్రూథోఫ్ నిర్బంధ శిబిరం 1941లో తెరిచారు. ఆ తరువాత, 1942 ఆగస్టు 25న, అల్సాస్ యువకులను జర్మన్ సైన్యంలో నిర్బంధంగా చేర్చే ఉత్తర్వు వచ్చింది. పారిపోతే కుటుంబాన్ని దేశం దాటించేవారు. అల్సాస్ నుంచి సుమారు లక్షమంది, పక్కనున్న లొరేన్‌లోని మోజెల్ నుంచి ముప్పై వేల మంది, ఎక్కువగా రష్యా యుద్ధరంగానికి వెళ్లారు. ముప్పై వేలకు పైగా తిరిగి రాలేదు. లొంగిపోయినవాళ్లలో ఎందరో టాంబోవ్ అనే సోవియట్ శిబిరంలో ఆకలితో చనిపోయారు. చివరి ఖైదీ 1955లో ఇల్లు చేరాడు. తమ ఇష్టానికి విరుద్ధంగా పోయినవాళ్లన్న అర్థంతో వీళ్లను ‘మల్‌గ్రే-నూ’ అంటారు.

1944 జూన్ 10న ఒరాదూర్ అనే ఫ్రెంచి గ్రామంలో నాజీల ఎస్‌ఎస్ దళం ఆరు వందల మందికి పైగా పౌరులను చంపినప్పుడు, ఆ దళంలో ఇలా నిర్బంధంగా చేర్చిన అల్సాస్ కుర్రవాళ్లు కూడా ఉన్నారు. 1953లో బోర్డోలో విచారణ జరిగి వాళ్లకు శిక్ష పడింది, కొద్ది రోజుల్లోనే పార్లమెంటు క్షమాభిక్ష చట్టం చేసింది. అల్సాస్‌లో ఊరట, ఒరాదూర్ ప్రాంతంలో రగిలిన ఆగ్రహం. రెండు వైపులా ఆ గాయం మానలేదు, ఏ వైపు నిలబడి తీర్పు చెప్పడానికీ నాకు మనసొప్పదు.

స్ట్రాస్‌బర్గ్‌లో రిపబ్లిక్ చౌక్ మధ్యన 1936లో ప్రతిష్ఠించిన యుద్ధ స్మారకం ఒకటి ఉంది. రాతితో మలచిన తల్లి కూర్చుని ఉంటుంది. ఆమె మోకాళ్ల దగ్గర ప్రాణం విడుస్తున్న ఇద్దరు కొడుకులు. ఫ్రాన్స్‌లో చాలా ఊళ్ల స్మారకాల మీద సైనికుడి దుస్తులో, దేశం కోసం మరణించినవారికి అన్న రాతో ఉంటాయి. ఇక్కడ కొడుకుల ఒంటి మీద యూనిఫారం లేదు, ఎవరు ఏ సైన్యమో తెలియదు. చేతులు మాత్రం పట్టుకుని ఉన్నారు. కింద ‘మా మృతులకు’ అని రెండే మాటలు, ఏ దేశం పేరూ లేదు. మొదటి యుద్ధపు మృతుల కోసం చెక్కినది రెండో యుద్ధపు మృతులకూ సరిపోయింది.

ఇప్పుడు రెండో ప్రశ్న. 1945 తరువాత ఏ ఉత్తర్వూ చేయలేని పని సిగ్గు చేసింది. ప్రాథమిక పాఠశాలల్లో జర్మన్ బోధన ఆపేశారు. 1952లో కొద్దిగా తిరిగి వచ్చింది గాని అప్పటికే ఆలస్యమైంది. ఫ్రెంచి మాట్లాడడం నాగరికం అని గోడల మీద పోస్టర్లు వెలిశాయి. ఆటస్థలంలో ఎల్సాసిష్ మాట్లాడిన పిల్లలకు శిక్షలు పడ్డాయి. అయితే బడికంటే బలంగా పనిచేసింది ఇంటి నిర్ణయం. హిట్లర్ మాట్లాడిన భాషలా వినిపించే మాట తమ పిల్లల నోట పలకకూడదని తల్లిదండ్రులు అనుకున్నారు; ఉద్యోగాలు ఫ్రెంచిలోనే ఉన్నాయని కూడా అనుకున్నారు. అమ్మానాన్నలు తమలో తాము ఎల్సాసిష్, పిల్లలతో ఫ్రెంచి. మా పక్కింటి పెద్దావిడ అలాగే పెంచారు. ఆవిడ పిల్లలకు మాట అర్థమవుతుంది, సమాధానం ఫ్రెంచిలో చెబుతారు. మనవలకు అర్థం కూడా కాదు. మూడు తరాల్లో ఒక ఇంటి భాష తరిగిపోవడం నా కళ్లముందే కనిపిస్తోంది, ఇంగ్లీషులో చదివే మన పిల్లల ఇళ్ల గురించి దిగులు కలగని రోజు లేదు. 2012లో జరిగిన సర్వేలో తమకు ఎల్సాసిష్ వచ్చునని చెప్పినవాళ్లు 43 శాతం. అరవై దాటినవాళ్లలో అది 74 శాతం, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్లో 3 శాతం.

సమాధానం: నల్లడవి

నేను నది ఇవతల, జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఉంటాను. రైన్‌ఒడ్డు గారి చివరి అంకెలు చదివి మనసు బరువెక్కింది గాని, ఇది కేవలం చావు కబురు అనుకోవద్దని పిల్లలకు చెప్పండి. ఇక్కడి బాడెన్ రైతూ, అవతలి అల్సాస్ రైతూ సంతలో కలిస్తే ఎవరి మాటలో వాళ్లు మాట్లాడుకుని హాయిగా అర్థం చేసుకుంటారు. ఇక్కడి మాటలో ఫ్రెంచి ముక్కలు కొన్ని, అక్కడి మాటలో చాలా ఎక్కువ. అక్కడ పెద్దవాళ్లు ఎల్సాసిష్‌లో వాక్యం మొదలుపెట్టి, లెక్కలూ కాగితాల విషయమూ రాగానే ఫ్రెంచిలోకి దూకి, కోపమొస్తే తిరిగి ఎల్సాసిష్‌లోకి వస్తారు. 1946లో జెర్మెన్ మ్యుల్లెర్ స్ట్రాస్‌బర్గ్‌లో మొదలుపెట్టిన ‘బారాబ్లీ’ హాస్య ప్రదర్శనశాల ఈ కలగలుపు మాట మీదే నలభై ఏళ్లకు పైగా నడిచింది. 1898లో స్థాపించిన అల్సాస్ నాటకసంస్థ ఇప్పటికీ ఎల్సాసిష్‌లో నాటకాలు వేస్తోంది. నిర్బంధ సైనికుడిగా రష్యాకు వెళ్లి, తప్పించుకుని వచ్చిన ఆంద్రే వెక్‌మన్ ఎల్సాసిష్‌లో, ఫ్రెంచిలో, జర్మన్‌లో మూడింటా కవిత్వం రాశాడు. 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టిన శిల్పి ఆర్ప్ జర్మన్‌లో రాసేటప్పుడు హాన్స్, ఫ్రెంచిలో ఝాఁ. ఇలాంటి మనిషిని ఒక్క పెట్టెలో పెట్టలేం.

తిండి విషయంలోనైతే సరిహద్దు కనబడదు. పుల్లబెట్టిన క్యాబేజీ తురుమును మాంసంతో వండుకోవడం రెండు ఒడ్డులకూ ఉమ్మడి. ఫ్లామ్‌కూఖ పుట్టింది రొట్టెల పొయ్యి దగ్గర. వారానికోసారి కట్టెల పొయ్యి రాజేసినప్పుడు, రొట్టెలకు వేడి చాలిందో లేదో చూడడానికి పిండిముద్దను పల్చగా ఒత్తి, దాని మీద మీగడ, ఉల్లిపాయ తరుగు, ఉప్పుచేసిన పందిమాంసం ముక్కలు వేసి లోపలికి తోసేవారు. మంట ఇంకా ఎగసిపడుతుంటే రెండు నిమిషాల్లో అంచులు నల్లబడి తయారవుతుంది. ఇక బెకెయోఫ అంటే మూడు రకాల మాంసం, బంగాళదుంపలు, తెల్ల వైనుతో మట్టికుండలో పేర్చి, మూత చుట్టూ గోధుమపిండి మెత్తి గాలి పోకుండా మూసి, గంటల తరబడి ఉడికించే వంటకం. సోమవారం బట్టలుతికే రోజు కాబట్టి, ఆడవాళ్లు పొద్దున్నే కుండను రొట్టెలవాడి పొయ్యిలో పెట్టించి రేవుకు వెళ్లేవారని చెబుతారు. ఆ కుండలు సూఫ్లెన్‌హైమ్ అనే కుమ్మరుల ఊరివి. ముదురు రంగు మీద తెల్ల పూలతో ఇప్పటికీ అక్కడ చేతితోనే చేస్తారు.

2017 నుంచి స్ట్రాస్‌బర్గ్ ట్రాము నది దాటి జర్మనీలోని కీల్ దాకా వస్తోంది. టికెట్టు కొని ఎక్కితే నది అవతల దిగవచ్చు. ఎందరు ఎందుకు చనిపోయారో రైన్‌ఒడ్డు గారు రాసింది చదివిన తరువాత, సామాన్లు కొనుక్కోవడానికి జనం ఆ వంతెన మీద అటూ ఇటూ తిరగడం చూస్తే నాకు గొప్ప సంతోషంగా ఉంటుంది.

సమాధానం: చరిత్రపుటలు

పిల్లలకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి. ఫ్రాన్స్‌లో చర్చినీ ప్రభుత్వాన్నీ వేరు చేసిన చట్టం 1905లో వచ్చింది. అప్పుడు అల్సాస్ జర్మనీలో ఉంది కాబట్టి ఆ చట్టం ఇక్కడికి రాలేదు. 1924లో దాన్ని ఇక్కడా తేవాలని పారిస్ ప్రయత్నిస్తే పెద్ద నిరసన చెలరేగి వెనక్కి తగ్గవలసి వచ్చింది. నెపోలియన్ 1801లో పోపుతో చేసుకున్న ఒప్పందం ఇక్కడ నేటికీ అమల్లో ఉంది: కాథలిక్కు గురువులకూ, ప్రొటెస్టెంటు పాస్టర్లకూ, యూదు రబ్బీలకూ ప్రభుత్వమే జీతాలిస్తుంది. డిసెంబరు 26 సెలవు. జర్మన్ కాలపు ఆరోగ్య బీమా కొనసాగుతూ, మిగతా ఫ్రాన్స్ కంటే ఎక్కువ ఖర్చు భరిస్తుంది. దాన్ని వదులుకోమంటే ఇక్కడ ఏ పార్టీవారూ ఒప్పుకోరు. ఫ్రాన్స్ అంతటా రైళ్లు ఎడమ పట్టాల మీద నడిస్తే, అల్సాస్, మోజెల్‌లలో కుడి వైపు నడుస్తాయి. పాత సరిహద్దు దగ్గర ఒక మార్గం ఇంకొకదాని మీదుగా దాటి వైపు మార్చుకుంటుంది. ప్రజలు ఒక పాలనను ఇష్టపడకపోయినా, అది ఇచ్చిన మేలును ఏరి దాచుకున్నారనడానికి ఇవి రుజువులు.

గౌతమీతీరం

చాలా గొప్ప వివరాలు. చివరిగా ఒక్కటి: ఇప్పుడు బడిలో ఎల్సాసిష్ నేర్చుకునే వీలుందా?

సమాధానం: రైన్‌ఒడ్డు

ఉంది, పరిమితంగా. తల్లిదండ్రులే ఏబీసీఎమ్ అనే సంఘం పెట్టి 1991లో ద్విభాషా బడులు తెరిచారు. మరుసటి ఏడు నుంచి ప్రభుత్వ పాఠశాలల్లోనూ సగం సమయం ఫ్రెంచి, సగం జర్మన్ ఉన్న తరగతులు మొదలయ్యాయి. అయితే ప్రభుత్వం ప్రాంతీయ భాష అన్నప్పుడు మాండలికంతో పాటు దాని రాత రూపంగా పుస్తకాల జర్మన్‌ను లెక్కిస్తుంది, తరగతి గదిలో ఎక్కువగా వినబడేది ఆ జర్మనే. పసిపిల్లలకు తొలి ఏళ్లలో పూర్తిగా ఎల్సాసిష్, జర్మన్‌లలోనే చెప్పే పద్ధతిని ఏబీసీఎమ్ కొన్ని బడుల్లో 2017లో ప్రారంభించింది. 2021 మేలో రాజ్యాంగ మండలి అటువంటి సంపూర్ణ నిమజ్జన బోధన రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. గణతంత్రపు భాష ఫ్రెంచి అని 1992లో రాజ్యాంగంలో చేర్చిన వాక్యమే దానికి ఆధారం.

ప్రాంతీయ భాషల రక్షణకు యూరప్ దేశాలు రాసుకున్న ఒడంబడిక కూడా అదే 1992లో, స్ట్రాస్‌బర్గ్‌లోనే వెలువడింది. ఫ్రాన్స్ 1999లో సంతకం చేసింది, ఇప్పటికీ ఆమోదించలేదు. ఇక్కడ రాజీ లేకుండా నా అభిప్రాయం చెబుతాను: ఫ్రెంచి ఇప్పుడు అల్సాస్ ప్రజల సొంత భాషే, దాన్ని ఎవరూ కాదనరు, దానికి పోటీగా నిలబడే బలం ఎల్సాసిష్‌కు లేదు. అటువంటప్పుడు నాలుగేళ్ల పిల్లలకు తాతమ్మల మాట నేర్పడానికి అడ్డు పడవలసిన అవసరం ఏ ప్రభుత్వానికీ లేదు. ఆ బడుల్లో సీట్ల కోసం దరఖాస్తు పెట్టే తల్లిదండ్రుల్లో చాలామందికి ఎల్సాసిష్ రాదు. పిల్లలతో పాటు వాళ్లూ సాయంత్రం తరగతుల్లో కూర్చుని నేర్చుకుంటున్నారు.